చీటీ రాసిస్తే టీకా వేసినట్టా?



పోయిన వానాకాలంలో ఒక రాత్రి చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దాయనను మన ఆసుపత్రికి తీసుకొచ్చారు. ఎన్నో ఏళ్లుగా ఆయాసంతో మన ఓ.పి.కి వచ్చే మనిషి. నాలుగు రోజులుగా జ్వరం, దగ్గు. ఆ రాత్రికి ఊపిరి అందడం లేదు. ఆక్సిజన్ పెట్టి, మందులు మొదలుపెట్టి, తెల్లవారకముందే అంబులెన్సులో తిరుపతికి పంపించాం. అక్కడ పరీక్షలో ఇన్‌ఫ్లుయెంజా అని తేలింది. తొమ్మిది రోజులు వెంటిలేటరు మీద ఉండి ఆయన కన్నుమూశారు.

ఆ రాత్రి పాత కాగితాల కోసం ఆయన భార్య చేతిలోని ప్లాస్టిక్ కవరు తీసి చూశాం. ఎక్స్‌రేలు, ఇన్‌హేలరు బిల్లుల మధ్య మడత పెట్టిన చీటీ ఒకటి కనిపించింది. మన ఆసుపత్రి చీటీయే. జూన్ నెలలో మన డాక్టరుగారు రాసిచ్చింది. ఫ్లూ టీకా, ఒక డోసు అని ఉంది. మందుల షాపు ముద్ర మాత్రం లేదు. ఏమైందమ్మా అని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది:

"మూడు షాపులు తిరిగినాం సామీ. లేదు పొమ్మన్నారు. ఒకాయన తెప్పిస్తా, ముందు డబ్బు కట్టమన్నాడు. పింఛను వచ్చినాక చూద్దాంలే అనుకుంటిమి."

టీకా వేయించుకుని ఉంటే ఆయన తప్పకుండా బతికేవారని మేము చెప్పం. అలా చెప్పగల డాక్టరు ఎవరూ ఉండరు. కానీ ఆయనకు దక్కవలసిన రక్షణ దక్కలేదు. మన రికార్డులో మాత్రం 'టీకా సలహా ఇవ్వడమైనది' అని ఉంది. మన పని అయిపోయిందని మనం అనుకున్నాం. ఆయన పని మొదలే కాలేదు. ఈ సంచికలో ఆ చీటీ గురించే మాట్లాడాలని అనుకుంటున్నాం.

జలుబు వేరు, ఫ్లూ వేరు

మన ప్రాంతంలో ముక్కు కారినా, ఒళ్లు నొప్పులొచ్చినా 'వైరల్ జొరం' అనేస్తారు. నిజానికి ఇన్‌ఫ్లుయెంజా ఒక ప్రత్యేకమైన వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని వారం రోజులు మంచాన పడేసి వదిలిపెడుతుంది. అదే ఆయాసం, ఉబ్బసం, గుండెజబ్బు, షుగరు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, చంటిపిల్లలకు, 65 ఏళ్లు దాటిన పెద్దలకు సోకితే న్యుమోనియాగా మారవచ్చు. ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదరవచ్చు. ఫ్లూ సోకినట్టు తేలిన మొదటి వారంలో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు కంటే ఆరు రెట్లు ఎక్కువగా ఉంటుందని 2018లో కెనడా పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా ప్రపంచంలో 2,90,000 నుంచి 6,50,000 మంది ఫ్లూ వల్ల వచ్చే శ్వాసకోశ సమస్యలతో చనిపోతున్నారు.

ఈ జబ్బు మన దేశానికి కొత్త కాదు. 1918లో వచ్చిన ఫ్లూ మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 2009లో 'స్వైన్ ఫ్లూ' పేరుతో వచ్చినప్పుడు దేశంలో మొట్టమొదటి కేసు హైదరాబాదులోనే బయటపడింది. ఆ భయం తగ్గాక దాని పేరు మరిచిపోయాం. వైరస్ మాత్రం పోలేదు. ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటిగా మన మధ్యనే తిరుగుతోంది.

పైగా మనం ఉండేది తిరుపతి చుట్టుపక్కల. దేశం నలుమూలల నుంచి రోజూ వేల మంది యాత్రికులు వచ్చిపోయే చోటు. హోటల్లో పనిచేసే కొడుకు, ఆటో నడిపే అల్లుడు, లాడ్జిలో గదులు ఊడ్చే కోడలు రోజంతా ఆ జనంలో తిరిగి రాత్రికి ఇల్లు చేరతారు. ఆ ఇంట్లోనే డయాలసిస్ మీద ఉన్న తండ్రి, షుగరున్న అత్తగారు ఉంటారు. వాళ్లు గడప దాటకపోయినా జబ్బు గడప దాటి లోపలికి వస్తుంది.

టీకాకు, రోగికి మధ్య దూరం

టీకా ఉంది. మన దేశంలోనే తయారవుతోంది కూడా. డాక్టర్లు రాస్తూనే ఉన్నారు. అయినా 2017-18లో కేంద్ర ఆరోగ్య శాఖ ఆధ్వర్యంలో జరిగిన వృద్ధుల ఆరోగ్య సర్వేలో, 45 ఏళ్లు దాటినవారిలో ఎప్పుడైనా ఒకసారి ఫ్లూ టీకా వేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని తేలింది. ఎందుకని మన ఓ.పి. వరండాలో కూర్చున్నవారిని అడిగితే చాలు, కారణాలు తెలుస్తాయి.

మొదటిది డబ్బు. పిల్లలకు వేసే చాలా టీకాలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. జాతీయ టీకాల కార్యక్రమంలో ఫ్లూ టీకా లేదు. బయట కొనాలంటే కంపెనీని బట్టి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా అవుతుంది. రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. అంటే నెల పింఛనులో పావు నుంచి సగం దాకా ఒక్క సూదికి పోవాలి. నగరిలో మగ్గం మీద బతికే కుటుంబానికైనా, మామిడి కాయలు కోసే కూలికైనా అది చిన్న మొత్తం కాదు. పైగా ఏటా వేయించుకోవాలి.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం పేదవాడు ఆసుపత్రిలో చేరితే ఆదుకుంటుంది. అది గొప్ప మేలే, కాదనం. కానీ ఆసుపత్రిలో చేరకుండా కాపాడే సూదికి మాత్రం రోగి తన జేబులోంచే తీయాలి. పడిపోయాక లేపడానికి లక్షలు పెడతాం. పడకుండా పట్టుకోవడానికి వెయ్యి రూపాయలు దొరకవు.

రెండోది సరుకు. చిన్న ఊళ్లలోని షాపులవాళ్లు ఈ టీకా పెట్టుకోరు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. టీకా ఏడాదిలోపే కాలం చెల్లుతుంది. వైరస్ రూపం మార్చుకుంటుంది కాబట్టి టీకాలో ఉండే రకాలను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, సమీక్షించి ప్రకటిస్తుంది. కాబట్టి నిరుటి సరుకు ఈ ఏడాదికి పనికిరాదు. పది తెప్పించి నాలుగే అమ్మితే మిగిలిన ఆరూ షాపువాడి నష్టం. అందుకే ముందు డబ్బు కట్టమంటాడు. రోగి కట్టలేడు. టీకా రాదు.

మూడోది చల్లదనం. ఇది చాలామందికి తెలియని విషయం. ఫ్లూ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడెక్కినా పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. ఒకసారి ఒక తల్లి తన కూతురికి టీకా కొనుక్కుని, పాలిథీన్ కవరులో పెట్టుకుని, ఎండలో గంటన్నర బస్సులో కూర్చుని మన దగ్గరకు వచ్చింది. ఉబ్బసం ఉన్న అమ్మాయి అది. నర్సమ్మ ఆ సూది చేతిలోకి తీసుకునేసరికే వెచ్చగా ఉంది. వేయడానికి లేదని చెప్పవలసి వచ్చింది. పద్దెనిమిది వందలు పోసి కొన్న మందు. ఆ తల్లి ఏడవలేదు, కోప్పడలేదు. "అట్లనా" అని కవరు మడిచి పెట్టుకుంది. ఆ 'అట్లనా' విని మాకు చాలా సిగ్గేసింది. ఐసు పెట్టిన డబ్బాలో తీసుకురావాలని చీటీ మీద మనం ఎక్కడా రాయలేదు. అసలు మందు తెచ్చే పని ఆమె మీద పెట్టడమే తప్పు.

నాలుగోది ప్రయాణం. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడు రోజులు ఎలాగూ ఆసుపత్రిలోనే గడుపుతాడు. పక్షవాతం వచ్చి మంచాన ఉన్న అవ్వను పలమనేరు అవతలి పల్లె నుంచి తీసుకురావాలంటే కారు మాట్లాడాలి, ఇంట్లో ఒకరు కూలి మానుకోవాలి. అందరికంటే టీకా అవసరం ఉన్నవాళ్లే ఆసుపత్రికి అందరికంటే దూరంగా ఉన్నారు.

అనుమానాలకు జవాబు

అడ్డంకులన్నీ బయటివే కావు. మనసులో కూడా కొన్ని ఉన్నాయి. "సూది వేస్తే జొరం వస్తాదంట గదా సిస్టరమ్మా" అని అడిగేవారు రోజూ ఉంటారు. సూదిమందుగా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు రోజులు కాస్త ఒళ్లు వెచ్చబడడం మామూలే. వేయించుకున్న రోజే రక్షణ రాదు, దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆలోపు జబ్బు సోకినవారే 'టీకా వల్ల వచ్చింది' అనుకుంటారు.

"వేయించుకున్నా మళ్లీ దగ్గు వచ్చింది గదా" అనేవారూ ఉన్నారు. నిజమే. ఈ టీకా జలుబులన్నింటినీ ఆపదు. టీకా రకాలు, తిరుగుతున్న వైరస్ బాగా కుదిరిన ఏడాదిలో కూడా అది జబ్బును నూటికి నలభై నుంచి అరవై వంతుల మేరకే తగ్గిస్తుంది. దీన్ని దాచిపెట్టి గొప్పలు చెప్పడం మాకు ఇష్టం లేదు. కానీ టీకా వేయించుకున్నవారికి ఫ్లూ వచ్చినా ఐసీయూ దాకా వెళ్లే ప్రమాదం తగ్గుతుంది. హెల్మెట్ పెట్టుకున్నవారికి ప్రమాదమే జరగదని ఎవరూ అనరు. అయినా పెట్టుకోమనే చెబుతాం కదా.

ఇక ఎప్పుడు వేయించుకోవాలి? మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలికాలం చివర మరోసారి పెరుగుతుంది. మన తిరుపతి, చిత్తూరు వైపు జూన్ తర్వాత ఒక విడత, అక్టోబరు, నవంబరులో మరో విడత వానలు పడతాయి. కాబట్టి కొత్త టీకా అందగానే, వానలకు ముందే వేయించుకోవడం మేలు. తప్పిపోయినవారు సెప్టెంబరులోనైనా వేయించుకోవచ్చు. ఎక్కువ జ్వరం ఉన్నరోజు మాత్రం ఆగాలి. గతంలో ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

చేయలేనిది కాదు

పెద్దవాళ్లకు ఊరూరా టీకాలు వేయడం మనవల్ల అవుతుందా అని ఎవరైనా అంటే 2021ని గుర్తు చేసుకోమంటాం. ఆ ఏడాది కరోనా టీకా ఉచితంగా, ఊళ్లోనే అందింది. ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు, వాలంటీర్లు ఇంటింటికీ వెళ్లి పిలుచుకొచ్చారు. టీకా పేరు కూడా పలకలేని అవ్వలు వరుసలో నిలబడి వేయించుకున్నారు. వాళ్లను తెచ్చింది జ్ఞానం కాదు, ఏర్పాటు. ఆ ఐసు డబ్బాలు, ఆ చేతులు, ఆ దారులు ఇప్పటికీ ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళితే మన ప్రాంతానికి గర్వించదగిన చరిత్రే ఉంది. క్షయ జబ్బుకు బీసీజీ టీకా 1948లో మన దేశంలో మొదలైన చోట్లలో అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం మిషన్ శానిటోరియం డాక్టర్లు రోగి తమ దగ్గరకు వచ్చేదాకా ఆగలేదు. చుట్టుపక్కల పల్లెలకు వెళ్లి జనాన్ని పరీక్షించారు. మిషన్ ఆసుపత్రి అంటే అది. గోడల లోపల చీటీలు రాయడం మాత్రమే కాదు.

మహారాష్ట్రలో గర్భిణులకు, షుగరు, బి.పి. ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్లూ టీకా ఉచితంగా ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైంది. హజ్ యాత్రకు వెళ్లే వృద్ధులకు మన ప్రభుత్వాలే శిబిరాలు పెట్టి ఈ టీకా వేస్తున్నాయి. ఇది మంచి పనే. అంటే ఈ టీకా పెద్దలకు అవసరమని ప్రభుత్వానికి తెలుసు, వేయడమూ తెలుసు. యాత్రకు వెళ్లని పెద్దల సంగతి ఏమిటన్నదే మా ప్రశ్న.

ఇంగ్లండులో 65 ఏళ్లు దాటినవారికి ఈ టీకా ఉచితం. అక్కడ కూడా ఇబ్బందులు లేకపోలేదు. 2018లో వృద్ధులకు ఉద్దేశించిన కొత్తరకం టీకా విడతలుగా రావడంతో చాలామంది వేచి ఉండవలసి వచ్చింది. కానీ అక్కడి డాక్టర్ల దగ్గర ఒక మంచి అలవాటు ఉంది. తమ రోగులలో ఎవరికి ప్రమాదం ఎక్కువో పేర్లు రాసి పెట్టుకుంటారు. ఎన్ని డోసులు కావాలో లెక్కవేసి నెలల ముందే ఆర్డరు పెడతారు. కాలం రాగానే రోగిని పిలుస్తారు. ఇందులో మనవల్ల కానిది ఏమీ లేదు. ఒక పుస్తకం, ఒక కలం, రాసే ఒక మనిషి ఉంటే చాలు.

మా వంతు, మీ వంతు

ఇతరులకు చెప్పేముందు మన ఇల్లు సరిచేసుకోవాలి. అందుకని మన ఆసుపత్రి ముందు మేము కొన్ని కోరికలు ఉంచుతున్నాం.

ఆయాసం, గుండెజబ్బు, షుగరు, డయాలసిస్ రోగుల పేర్లు, గర్భిణుల పేర్లు ఓ.పి.లోనే ఒక రిజిస్టరులో ఎక్కించాలి. మార్చి నాటికి లెక్క తేల్చి, అందరి తరఫున ఒకే ఆర్డరు పెట్టాలి. అలా పెడితే ధర కొంత తగ్గించమని అడగడానికి నోరు ఉంటుంది, మిగిలిపోతుందన్న భయమూ తగ్గుతుంది. టీకా మన ఫ్రిజ్‌లోనే, ఉష్ణోగ్రత రోజుకు రెండుసార్లు రాసి, ఉంచాలి. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో రాత్రి డ్యూటీ సిస్టరుకు కూడా తెలిసి ఉండాలి. షుగరు క్లినిక్ రోజునే, డయాలసిస్ రోజునే టీకా కూడా వేస్తే రోగికి రెండో ప్రయాణం తప్పుతుంది. మంచాన ఉన్నవారి కోసం నెలకు రెండు రోజులు నర్సమ్మ ఐసు డబ్బాతో పల్లెలకు వెళ్లాలి. అన్నిటికంటే ముందు మన డాక్టర్లు, నర్సులు, వార్డు బాయ్‌లు, ఆయాలు వేయించుకోవాలి. జబ్బు తగ్గించుకోవడానికి వచ్చినవారికి మనమే జబ్బు అంటించకూడదు.

ప్రభుత్వాన్ని మేము అడిగేది పెద్ద కోరిక కాదు. అందరికీ ఒక్కసారిగా ఇవ్వమనడం లేదు. డయాలసిస్ రోగులతోనూ, తీవ్రమైన ఆయాసం ఉన్నవారితోనూ మొదలుపెట్టమంటున్నాం. వారి జాబితాలు ఆసుపత్రుల్లో ఉన్నాయి. ఆ రోగికి ఒక్కరోజు ఐసీయూ ఖర్చుతో ఎన్ని టీకాలు వస్తాయో అధికారులే లెక్క వేసుకోవచ్చు.

ఇక సంఘాలకు ఒక మాట. ప్రతి ఏడూ కోత పండుగలో గుమ్మడికాయలు, చెరకు గడలు, కోళ్లు, బియ్యం మూటలు తెచ్చి వేలం వేస్తాం. అందులో ఒక భాగం ఈ నిధికి ఇస్తే ఎంతమంది పెద్దలకు టీకా అందుతుందో ఆలోచించండి. స్త్రీల మైత్రి సభ్యులు తమ వీధిలో మంచాన ఉన్న పెద్దల పేర్లు మతం, కులం చూడకుండా రాసి పంపితే ఆ పేర్లు మన రిజిస్టరులో చేరతాయి. యౌవనస్థులు ఆదివారం ఆరాధన తర్వాత తమ బండి మీద ఒక పెద్దాయనను క్లినిక్‌కు తీసుకొస్తే అదీ పరిచర్యే. ఊళ్లో ఉండే పిల్లలు, బెంగుళూరులో, చెన్నైలో, గల్ఫ్‌లో పనిచేసే పిల్లలు అమ్మానాన్నలకు పండుగ బట్టలతో పాటు ఈ టీకా డబ్బు కూడా పంపండి.

కపెర్నహూములో పక్షవాయువుతో ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనందరికీ తెలుసు. లోపల స్వస్థపరిచే ప్రభువు ఉన్నాడు. బయట రోగి ఉన్నాడు. మధ్యలో జనం, గోడ. ఆ నలుగురు 'లోపలికి వెళ్లు నాయనా' అని సలహా చెప్పి ఊరుకోలేదు. పైకప్పు విప్పి మంచాన్ని దించారు. ప్రభువు ఆ నలుగురి విశ్వాసాన్ని చూశాడు.

మన రోగుల ముందు కూడా గోడ ఉంది. ధర ఒక వైపు, దొరకకపోవడం ఒక వైపు, ఎండ, దూరం ఇంకో వైపు. ఇన్నాళ్లూ మనం ఆ గోడ ఇవతల నిలబడి చీటీ రాసిస్తూ వచ్చాం. డాక్టరు, ఆసుపత్రి, ప్రభుత్వం, సంఘం తలా ఒక కోడు పట్టుకుంటే ఆ మంచం లేస్తుంది.

చంద్రగిరి వైపు పెద్దాయన భార్య పోయిన నెల బి.పి. మాత్రల కోసం వచ్చింది. ఆమెకు 68 ఏళ్లు. షుగరు కూడా ఉంది. ఈసారి మేము చీటీ రాయలేదు. ఆమె పేరు ఒక కొత్త నోటు పుస్తకంలో మొదటి వరుసలో రాసుకున్నాం. టీకా రాగానే మేమే కబురు పంపుతామని చెప్పాం. ఆ మాట నిలబెట్టుకోవడానికి మీ ప్రార్థనలు, మీ చేతులు రెండూ కావాలి.